అనంతగిరి దారిలో అశ్వహృదయము

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్లు. ఆ దారిని చూచివచ్చిన సోదరీమణులు మనలో ననేకులు గలరు. వారు శీతకాలమున మంచును, బొర్రా గుహలను, కాఫీతోటలను చూచి, ఇంటికి వచ్చి పదిదినములు చెప్పుకొందురు. మేమా దారిని ఎరిగినది వేడుకకై కాదు. గడచిన యేడాదిగా నెలకొకమారు దిగుచు, మరల నెక్కుచున్నాము. దాని యందములను మా కన్నులు చూచుటకు ముందే దాని యెత్తుపల్లములను మా పాదములు నేర్చుకొనవలసివచ్చెను. ఆ నేర్చిన విధమును, నడుమ మేము పడిన తడబాటును మనవి చేయుచున్నాము.

మావారు ఉపాధ్యాయులు. రెండేండ్ల క్రిందట వారికి అరకులోయకు బదిలీ యైనది. మాతోడ మా అత్తగారును వచ్చిరి. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. వచ్చిన తొలి వానకారులోనే తడిసిన మెట్టుపై జారిపడగా వెన్నుపూస యొకటి నలిగినది. శస్త్రచికిత్స యక్కరలేదనియు, నెలకొకమారు వచ్చి చూపించుకొనవలెననియు, కుదుపు మాత్రము తగులరాదనియు విశాఖపట్టణపు వైద్యులు చెప్పిరి. కుదుపు తగులకుండ ఘాటురోడ్డు దిగుట యెట్లు? రైలున్నది. బైలదిలా గనుల ఇనుపరాతిని రేవునకు చేర్చుటకై 1960 దశాబ్దమున వేసిన కొత్తవలస, కిరండూలు మార్గమది. ఏబదికి పైగా సొరంగములలో దూరి వచ్చు ఆ రైలు చూచుటకు ముచ్చటయే గాని, పెట్టె మెట్లెక్కుట ఆమెకు సాధ్యము కాలేదు.

తొలినెల అద్దెకారు మాటలాడితిమి. నడిపిన అబ్బాయి మర్యాదస్థుడే. అయినను గేరు మార్చినపుడెల్ల కారు ఒక్కసారి ఆగి, మరల ఉరుకుచుండెను. అత్తగారు నిత్యము విష్ణుసహస్రనామము కంఠతా చదువుకొందురు. ఆనాడు దారిలో మొదలుపెట్టి, కుదుపు వచ్చినపుడెల్ల నామము తప్పి, మరల వెనుకకు పోయి యెత్తుకొనుచు, దిగువకు వచ్చులోపల చదువుటయే మానివేసిరి. మా చేతిని పట్టుకొని కన్నులు మూసికొనిరి. ఆమె నోట ఒక్క మూలుగైనను రాలేదు. వచ్చియుండిన మాకింత దుఃఖము కలుగకపోవును. మావారికి ఎడమకంటి చూపు చిన్ననాటినుండి మందము; వారు కారు నడుపరు. ఇక నింట మిగిలినది మేమే.

వేసవి సెలవులలో పుట్టినింట నుండి, విజయనగరమున డ్రైవింగు నేర్చి లైసెన్సు పొందితిమి. అక్కడ నేర్పిన కారు పెట్రోలుది, టర్బో లేనిది. కాలు ఎంత నొక్కిన అంత కదలెడిది, తీసిన తగ్గెడిది. చెప్పినమాట వినెడి బిడ్డవంటిది. తరువాత మా మరిదిగారు తమ పాత డీజిలు కారును మాకిచ్చిరి. 1248 ఘనసెంటీమీటర్ల చిన్న యింజను, దానికి టర్బో. మొదటిదినమున దానిని వీధి చివరకు నడుపులోపల మేము నేర్చినదంతయు నీటిపాలైనట్లు తోచెను. కాలు నొక్కితిమి, ఉలుకు లేదు. మరికొంచెము నొక్కితిమి, పలుకు లేదు. విసిగి బలముగా నొక్కగా, ఎవరో వెనుకనుండి రెండుచేతుల త్రోసినట్లు ఉరికెను. భయపడి కాలు తీసితిమి, ముందుకు తూలితిమి. ఇట్టి కారులో వెన్నుపూస నలిగిన వృద్ధురాలిని కూర్చుండబెట్టుట యెట్లని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఈ టర్బో యనునది యేమి? మావారు కాగితముపై బొమ్మ గీచి చెప్పిరి. మాకది మా అమ్మమ్మగారి వంటయిల్లు జ్ఞప్తికి తెచ్చినది. కట్టెలపొయ్యి మందగించినపుడు ఆమె ఊదుగొట్టము తీసికొని ఊదెడివారు. కట్టె యదియే, పొయ్యి యదియే. గాలి హెచ్చుటచే మంట హెచ్చెడిది. టర్బో యింజనునకు ఊదుగొట్టము. దీనిని ఊదువారు వేరొకరు లేరు. ఇంజను విడుచు వేడిపొగయే బయటికి పోవుచు ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే యిరుసునకు రెండవ కొనయందున్న చక్రము బయటిగాలిని నొక్కి యింజనులోనికి పంపును. వ్యర్థముగా పోవు పొగనుండి బలము రాబట్టు ఈ యుపాయమునకు 1905లో ఆల్ఫ్రెడ్ బ్యూకి యను స్విట్జర్లాండు ఇంజనీరు పేటెంటు పొందెను. కార్లలోని ఆ చిన్నచక్రము నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగగలదు.

ఇందలి చిక్కు ఇది. తగినంత పొగ వచ్చినగాని చక్రము వడిగా తిరుగదు; అది తిరిగినగాని గాలి చాలదు; గాలి చాలినగాని ఇంజనునకు బలము రాదు. మా కారులో ఇంజను నిమిషమునకు 1800 చుట్లు తిరుగువరకు టర్బో నిద్రపోవుచున్నట్లే యుండును. అటుపై మేల్కొనును. అంతలో మేము గేరు మార్చుటకై కాలు తీసితిమా, పొగ తగ్గి చక్రము మరల మందగించును. మార్చిన పిమ్మట తొందరపడి బలముగా నొక్కితిమా, రెండుక్షణములు ఊరకుండి అడిగినదంతయు ఒక్కమారుగా ఇచ్చును. కుదుపు పుట్టునది ఆ రెండుక్షణముల నడుమనే.

శృంగవరపుకోటలో మా పినతండ్రిగారున్నారు. ముప్పదియేండ్లు ఆర్టీసీ బస్సు నడిపి విశ్రాంతి తీసికొనుచున్నవారు. ఆయన యొద్దకు పోయి మా బాధ చెప్పుకొంటిమి. ఆయన నవ్వి, "ముందు చెవి నేర్వవలెనమ్మా, తరువాత చేయి," అనిరి. పిన్నిగారిని పిలిచి, ఆ రాత్రి ఒక స్టీలుగిన్నెలో పాలు తోడుపెట్టుమనిరి. మరునాటి యుదయమున గట్టిగా తోడుకొన్న ఆ గిన్నెను వెనుకసీటులో, మా అత్తగారు కూర్చుండు చోటనే, తువ్వాలు చుట్టి కుదురుగా నిలిపిరి. "ఈ గడ్డ చెదరకున్న వదినగారి నడుమునకు భయము లేదు. బయలుదేరుము," అనిరి. ఆనాడు బొడ్డవర వరకు సమతలమైన దారియే. వచ్చి మూత తీసి చూడగా గిన్నెలో గడ్డలు వేరు, నీరు వేరు. పిన్నిగారు, "కవ్వముతో పని లేకపోయెను," అని మజ్జిగ చేసి అందరికి పోసిరి.

ఇట్లు తొమ్మిదిదినములు, తొమ్మిదిగిన్నెల పెరుగు. అయిదవదినమునుండి ఘాటు ఎక్కనారంభించితిమి.

బొడ్డవర దాటగానే కొండ యెదురగును. అంతవరకు ఇరువైపుల నుండిన వరిమళ్లు వెనుకబడి, దారి వంకరలు తిరుగుచు పైకి సాగును. మా మొదటితప్పు ఇక్కడనే. గేరు త్వరగా పైకి మార్చుట మంచి డ్రైవరు లక్షణమని యెవరో చెప్పగా వినియుంటిమి. రెండవగేరునుండి మూడవదానికి తొందరగా వేసితిమి. ఇంజను చుట్లను చూపు ముల్లు 1300కు పడిపోయెను. బండి బరువెత్తిన ఎద్దువలె మూలిగెను. బాబాయిగారు మా కాలి వంక చూడనైన చూడక, "విన్నావా? దానికి ఊపిరి చాలలేదు. ఎక్కుడులో రెండవగేరులో 2800 చుట్ల వరకు రానిమ్ము. అప్పుడు మార్చిన మూడవగేరులో 1800 దగ్గర దిగును. టర్బో మెలకువతోనే యుండును," అనిరి. సమతలమున 2000 దాటగానే మార్చినను దోషము లేదట. కొండపై వేగము నిలువదు గనుక ఆ లెక్క చాలదు. ఆ రెండంకెలును మాకు గుణింతమువలె కంఠస్థమైనవి. కొన్నాళ్లకు ముల్లును చూచుట మానితిమి. ఇంజను కంఠస్వరము మారుట చెవికి తెలిసెను.

చేయవలసిన పని క్రమమిది. మొదట కాలును పూర్తిగా తీసివేయక, మెల్లగా తేల్చవలెను. తోడనే క్లచ్చి అడుగువరకు నొక్కి, గేరుకఱ్ఱను త్రోయక వ్రేళ్లతో నడిపించినట్లు మార్చవలెను. క్లచ్చిని వదలుచు, అది పట్టుకొనుచోట కన్నుమూసి తెరచునంత కాలము నిలుపవలెను. అప్పుడు యాక్సిలేటరుపై కాలు కొంచెముగా నుంచి వేచియుండవలెను. టర్బో మేల్కొనుచున్నదని వీపునకు తెలిసిన క్షణమున, కాలును వెండ్రుకవాసి వెనుకకు తీయవలెను. అది త్రోయునపుడు మనము తగ్గుటచే రెండును సరిపోయి, లోపల కూర్చున్నవారికి ఏమియు తెలియదు. మేము నెలదినములు చేసిన తప్పు దీనికి సరిగా తలక్రిందు. అది ఊరకున్నపుడు నొక్కితిమి. అది త్రోసినపుడు బెదరి పూర్తిగా విడిచితిమి.

త్యాడ దగ్గర అడవి చిక్కబడును. ఎండ ఆకులసందులనుండి నాణెములవలె దారిపై పడుచుండును. ఇక్కడినుండి హెయిర్‌పిన్ను మలుపులు. వాటియందు గేరు క్రిందికి మార్చుట మరియొక విద్య. మలుపులోనికి పోయిన పిమ్మట మార్చరాదు. ముందే బ్రేకుతో వేగము తగ్గించి, రెండవగేరు వేసికొని, అప్పుడు తిరుగవలెను. అట్లు వేసినను మా కారు ముక్కు నేలకు కొట్టినట్లు కుదియుచుండెను. బాబాయిగారు, "మీ యింట తిరగలి లేదా అమ్మా?" అని యడిగిరి. మొదట మాకర్థము కాలేదు. ఇద్దరు కూర్చుండి తిరగలి విసరునపుడు, ఒకామె త్రిప్పుచున్న పిడిని రెండవయామె అందుకొనుట మనమెరుగుదుము. తిరుగుచున్న వడికి తన చేతిని ముందు కలిపి, పిమ్మట పట్టుకొనును. నిలిచిన చేతితో పట్టుకొన్న మణికట్టు విరుగునంత పని యగును. క్లచ్చిలోని పలకలును అట్టివే. క్రింది గేరునకు ఇంజను వడిగా తిరుగవలెను. కాలు తీసియున్నందున అది మందగించియున్నది. కావున క్లచ్చి నొక్కియుండగనే యాక్సిలేటరును ఒక్కమారు తాకి, ఇంజను వడిని పెంచి, అప్పుడు క్లచ్చి వదలిన రెండును కలిసికొనును. చెప్పుట రెండు వాక్యములు, నేర్చుట నాలుగుదినములు. మా అత్తగారితో చిన్నప్పుడు కందులు విసరిన చేతులు గనుక తుదకు పట్టుబడెను.

దముకు దగ్గర దారి ప్రక్కకు ఆపితిమి. క్రింద లోయలు పచ్చని చీరమడతలవలె ఒకదానిపై నొకటి పరచుకొనియుండెను. దూరమున ఇనుపరాతి రైలు కొండ కడుపులోనుండి వెలువడి మరల దూరుచుండెను. తాళముచెవి త్రిప్పబోవుచుండగా బాబాయిగారు వారించిరి. కొండ యెక్కివచ్చిన టర్బో మిక్కిలి వేడిగా నుండునట. ఇంజను నాగిన దాని యిరుసునకు నూనె ప్రవాహమును ఆగిపోవును. కావున అరనిమిషమైన ఊరక తిరుగనిచ్చి, పిమ్మట ఆపవలెను. పరుగెత్తివచ్చినవానిని వెంటనే పండుకొనవద్దని పెద్దలు చెప్పరా? అట్టిదే.

బొర్రా దారి చీలుచోట కార్లు, బస్సులు గుమిగూడి, ఎక్కుడుపై ఆగి, ఆగి కదలవలసివచ్చెను. గోస్తనీనది సున్నపురాతిలో ప్రవహించు ఆ గుహలను చూడ వచ్చినవారి రద్దీ యది. టర్బో నిద్రించునపుడు బండిని ఎక్కుడుపై కదల్చుట కష్టము. చేతిబ్రేకు వేసియుంచి, ఇంజనునకు కొంచెము వడినిచ్చి, క్లచ్చి పట్టుకొనినట్లు ముందుభాగము కొంచెము లేచినపుడు చేతిబ్రేకు విడువవలెను. మూడుసార్లు ఇంజను ఆగిపోయెను. వెనుక బస్సువాడు హారను మ్రోగించెను. మా చెవులు ఎఱ్ఱబడెను. బాబాయిగారు, "వాడును ఒకనాడు ఇట్లే ఆపినవాడే," అని మాత్రమనిరి.

అనంతగిరిలో సిల్వరుఓకు చెట్ల నీడన కాఫీతోటలు. ఆ చెట్లకు మిరియపు తీగలు ప్రాకియుండును. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ నీడన కూర్చుండి తొమ్మిదవ గిన్నె మూత తీసితిమి. అంచున ఒక్క బీట, కొంచెము నీరు. తక్కినది గట్టిగానే యున్నది. ఆ పెరుగన్నము రుచి మేము మరువము.

అక్కడనే మాకు నలుని కథ తలపునకు వచ్చెను. మా తండ్రిగారి యొద్ద అరణ్యపర్వము చదివిన దినములలో, బృహదశ్వుడు ధర్మరాజునకు చెప్పిన ఆ కథయందు నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలిన ఘట్టము మాకు ప్రియము. రాజు ఉత్తరీయము జారిపడగా ఆపుమనును; అది యోజనము వెనుకబడెనని సారథి చెప్పును. చిన్నతనమున ఆ వేగమునకే అచ్చెరువందితిమి. ఇప్పుడు వేరొకటి తోచెను. ఆ విద్య పేరు అశ్వహృదయము. గుఱ్ఱమును కొట్టి పరుగెత్తించుట కాక, దాని మనసెరిగి తోలుట. ఋతుపర్ణుడు తన యక్షహృదయము నొసగి దానిని కోరెననగా, రాజులకును అది యెంత యపురూపమో చూడుడు. యంత్రమునకు మనసు లేకపోవచ్చును. అయినను దానికొక సమయము కలదు. ఆ సమయమును మన తొందర మార్చలేదు.

తరువాతి నెలలో అత్తగారితో దిగవలసిన దినము వచ్చెను. వెనుకసీటులో ఆమెకు వీపునకు, నడుమునకు దిండ్లమర్చి, మావారు ప్రక్కన కూర్చుండిరి. దిగుడులో టర్బో మనకు సాయము చేయదు. ఏ గేరులో ఆ కొండ యెక్కుదుమో అదే గేరులో దిగవలెను. ఇంజనే బండిని పట్టుకొనును. బ్రేకునే నమ్ముకొని దిగిన అది వేడెక్కి పట్టు సడలును. గేరులేకుండ వదలి దిగుట ప్రాణాపాయము. ఇరుకైన చోట ఎక్కువారికి దిగువారు దారి యీయవలెనన్నది ఘాటురోడ్ల నియమము. వాని యూపు తప్పిన మరల కదలుట ఎంత కష్టమో బొర్రా చీలికయందే మాకు తెలిసియుండెను.

సుంకరిమెట్ట దాటగానే అత్తగారు సహస్రనామము మొదలుపెట్టిరి. గాలికొండ దగ్గర మంచు క్రమ్మి ఇరువదిగజముల దారియే కానవచ్చెను. అనంతగిరి దాటిన పిమ్మట చినుకులు పడెను. ఒక మలుపునకు ముందు లారీ యెదురుగా వచ్చుట చూచి, తొందరలో యాక్సిలేటరు తాకుట మరచి, రెండవగేరు వేసి క్లచ్చి వదలితిమి. కారు దబ్బున కుదిసెను. వెనుక నామము ఆగిపోయెను. లారీకి దారి విడిచి ప్రక్కన ఆగితిమి. మా చేతులు వణకినవి. కన్నులు నీరు నిండినవి. అద్దములో ఆమె ముఖము చూచుటకు ధైర్యము చాలలేదు. మావారు ఏదో అనబోగా ఆమె వారించి, "కోడలా, నీవు బయలుదేరుము. నేనెక్కడ ఆపితినో నాకు జ్ఞాపకమున్నదిలే," అనిరి.

మరల కదలితిమి. దముకు, త్యాడ, బొడ్డవర. ఒక్కొక్క మలుపునకు ముందు ఆ తిరగలిపిడినే తలచుకొంటిమి. మైదానమునకు దిగి శృంగవరపుకోట సమీపించుచుండగా వెనుకనుండి ఫలశ్రుతి వినవచ్చెను. అది ముగించి ఆమె, "రెండుమారులే తప్పితిని. ఒకటి నీవలన, రెండవది నాకే మరపువలన," అనిరి.

బాబాయిగారు వాకిట నిలుచుండి అడిగినది ఒక్కటే: "గిన్నె యెట్లున్నది?" అత్తగారే బదులు చెప్పిరి: "ఒక్క బీట, అన్నగారూ."

ఆ దినము మొదలు పండ్రెండుమార్లు దిగితిమి, ఎక్కితిమి. అత్తగారి నడుము ఇప్పుడు కొంత నయము. వైద్యులు రెండునెలలకొకమారు వచ్చిన చాలుననుచున్నారు. సోదరీమణులలో నెవరైన టర్బో కారు క్రొత్తగా చేత పట్టియుండిన, వారికి మా మనవి యొక్కటే. అది ఊరకున్న ఆ రెండుక్షణములు మీరును ఊరకుండుడు. మొదట నెవరినైన ఎక్కించుకొనుటకు మునుపు, వెనుకసీటులో ఒక గిన్నెడు పెరుగును ఎక్కించుకొని పోవుడు. చెదరిన మజ్జిగయగును, నష్టమేమియు లేదు.